గంటకీ గొంతుకీ మధ్య

లిఫ్టు గంట మోగినప్పుడల్లా సౌండాయన పళ్లు కొరుక్కుంటాడు. మూడో అంతస్తులో వాళ్ల గుమ్మం దాటితే ఎదురుగా లిఫ్టే. ఆ గంటను ఇంట్లోకి రానివ్వకూడదని అతను చెయ్యని పని లేదు. వీధి తలుపుకి పాత పరుపు మేకులు కొట్టి బిగించాడు. కిటికీ సందుల్లో గుడ్డపేలికలు కుక్కాడు. సామాన్ల గదిలోంచి సామాన్లన్నీ బయట పారేసి, నాలుగు గోడలకీ దుప్పట్లు వేలాడదీసి, తలుపుకి చిన్న అద్దం బిగించి, మధ్యలో ఒక మైకూ ఒక బల్లా ఒక కుర్చీ వేసి దానికి స్టూడియో అని పేరు పెట్టాడు. కుక్కల అరుపు ఆగింది. పక్కింటి మిక్సీ ఆగింది. వీధిలో లారీల హారను కూడా పరుపు దాకా వచ్చి అక్కడే చచ్చింది. ఈ గంట ఒక్కటే సూదిలా దూరి వచ్చేది. "టింగ్."

మైకు ముందు కూర్చుని కథ చదువుతున్న అతని భార్య అప్పుడు ఆగి, కళ్లు మూసుకుని, "టింగ్" అని బదులు పలికేది. అదే శ్రుతి, అదే సన్నదనం. ఏది గంటో ఏది గొంతో చెప్పడం కష్టం.

"పిలిస్తే పలక్కపోతే బాగుండదు కదండీ," అనేది.

అతను కోపం మర్చిపోయి నవ్వేవాడు. తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని, తెరమీద అక్కాచెల్లెళ్లలా పక్కపక్కన నిలబడ్డ ఆ రెండు చిన్న గీతల్నీ ఒకే వేటుకి కత్తిరించేవాడు.

సభలకి మైకుసెట్లు బిగించిన రోజుల్లో వీధి వాళ్లు పెట్టిన పేరు సౌండాయన. ఆమెను పిల్లలు కథలమ్మ అంటారు. ఆమె మెట్లెక్కుతుంటే చెయ్యి పట్టుకుని ఆపేసి, "కథలమ్మా, నక్కలా మాట్లాడు, అప్పుడే వదుల్తాం," అంటారు. పిల్లల కథల పుస్తకాలు చదివి రికార్డు చెయ్యడం ఇద్దరికీ బతుకుతెరువు. ఆమె గొంతు, ఇతని చెవి.

ఈసారి వచ్చిన పని పెద్దది. బొమ్మల పుస్తకాల కంపెనీ వాళ్లు దిండంత పుస్తకం పంపి, మొత్తం ఈ గొంతులోనే కావాలన్నారు. ఫైళ్లు నలభై ఎనిమిదిలో ఇమ్మన్నారు. సౌండాయన ఇంతకాలం నలభై నాలుగు దాటి ఎక్కిన మనిషి కాడు. అందుకని కొత్త రికార్డింగు పెట్టె కొన్నాడు. అది పట్టుకొచ్చి బిగించింది బావమరిది. సౌండు సామాన్ల దుకాణంలో పనిచేస్తాడు. నోరు తెరిస్తే వేళాకోళమే.

"నలభై ఎనిమిదేంటి బావా, అంత పీనాసితనం? తొంభై ఆరు పెట్టెయ్. పెట్టెలో ఉంది కదా, వాడుకో."

"ఎవడికి వినపడాల్రా ఆ తొంభై ఆరు?"

"గబ్బిలాలకి. వాటికీ పిల్లలుంటాయి. పాపం అవి కథలు వినొద్దా?"

వంటింట్లోంచి కథలమ్మ గరిటెతో సహా వచ్చింది. "ముందు నాకు చెప్పండి ఈ నంబర్లేంటో. నా గొంతు గురించి మాట్లాడుకుంటున్నారు, నాకే తెలీదు."

సౌండాయన పెట్టెమీద దుమ్ము లేకపోయినా తుడుస్తూ చెప్పాడు. "గొంతుని మిషను ఉన్నదున్నట్టు పట్టుకోలేదోయ్. తుంచి తుంచి దాచుకుంటుంది. సెకనుకి నలభై నాలుగు వేల చిల్లర ముక్కలు, కాదంటే నలభై ఎనిమిది వేలు. మళ్లీ వినేటప్పుడు సెకనుకి అన్ని ముక్కలూ పేర్చుకుంటూ పోతుంది."

"ఉల్లిపాయ ఎంత సన్నగా తరిగినా ఉల్లిపాయే కదండీ."

"కదా! వీడికి అదే చెప్తున్నా. మనిషి చెవికి చాలినంత చాలు."

"పేర్చేటప్పుడు లెక్క తప్పితే?"

"నలభై ఎనిమిదికి తరిగిన ముక్కల్ని నలభై నాలుగు లెక్కన పేరిస్తే గొంతు సాగుతుంది. నిదానంగా, బరువుగా, బొంగురుగా వస్తుంది. వినేవాడు మగాడనుకుంటాడు."

"అయితే రాక్షసుడి మాటలన్నీ అలా పేర్చెయ్యండి. నాకు కాస్త గొంతు మిగుల్తుంది," అంది ఆమె. అంటూ మెడ కింద వేలితో ఒకసారి నొక్కుకుంది. ముగ్గురూ నవ్వారు.

మర్నాడు పొద్దున్నే సౌండాయన కొత్త పెట్టె బొత్తాం నొక్కి నలభై ఎనిమిది దగ్గర పచ్చదీపం వెలిగించాడు. ఆ దీపం చూసి కొత్త స్కూటర్ చూసుకున్నట్టు కాసేపు మురిసిపోయి, కథలమ్మకి హెడ్‌ఫోన్ పెట్టి, తలుపు మూసి, కంప్యూటర్‌లో పాత కథ తాలూకు ఖాళీ ఫైలు తెరిచి పని మొదలెట్టాడు. ఆ తర్వాత దీపం వంక చూడలేదు. అతను ఎప్పుడూ చూసేది తెరమీద గీతని. గొంతు లేస్తే గీత లేస్తుంది, గొంతు ఆగితే గీత పడుకుంటుంది.

ఆరోజు గీత మధ్యమధ్యలో గడ్డిపోచల్లా లేస్తోంది. ఆమె గొంతు సవరించుకుంటోంది. ఒక వాక్యం, ఒక "హు". రెండు వాక్యాలు, ఒక "హు". వేడినీళ్ల గ్లాసు ఎత్తి, తల కొంచెం పక్కకి వంచి మింగుతోంది. ఎప్పుడూ నిటారుగా కూర్చుని మింగే మనిషి తల ఎందుకు వంచుతోందని అతనికి అనిపించలేదు. గ్లాసు బల్లమీద పెట్టిన చప్పుడు మైకులో పడిందే అని మాత్రం విసుక్కున్నాడు.

"గ్లాసు కింద గుడ్డ వేసుకోవోయ్."

"సరేనండి."

లిఫ్టు వచ్చింది. "టింగ్." ఆమె చదవడం ఆపి, కళ్లు మూసుకుని బదులు పలికింది. అతను అలవాటు ప్రకారం నవ్వి, తర్వాత కత్తిరించుకోవచ్చని అక్కడ ఎర్ర గుర్తు పెట్టాడు. అద్దం అవతల ఆమె నవ్వలేదు. కళ్లు తెరిచి మైకు వంక, అదేదో కొత్త మనిషి అయినట్టు, కాసేపు చూసింది. తర్వాత పేజీ తిప్పింది.

సాయంత్రం దుకాణం నుంచి బావమరిది వచ్చాడు, కొత్త పెట్టె ఎలా పలుకుతోందో వినాలని. ముగ్గురూ స్పీకర్ల ముందు కూర్చున్నారు. సౌండాయన మొదటి కథ పెట్టాడు.

 బావమరిది చేతిలో టీ కప్పు పెదవుల దాకా వచ్చి అక్కడే నిలిచింది. స్పీకర్లలోంచి వస్తున్నది ఆడగొంతే, కథలమ్మ విరుపులే, కానీ కింద ఏదో తడిసిన గుడ్డ పరిచినట్టు బరువుగా ఉంది. వాక్యం చివర్లో కొద్దిగా గీరుకుంటోంది.

"ఇది నేను కాదు," అంది కథలమ్మ మెల్లిగా. "అక్క."

 ఆ అక్క కథలమ్మకీ ఈ తమ్ముడికీ పెద్దది. పోయి చాలాకాలమైంది గానీ పోయేముందు ఆమె గొంతు ఎలా దిగిందో ఆ గదిలో ముగ్గురికీ తెలుసు. చలికాలం గొంతు అనుకున్నారు. ఎండాకాలం వచ్చినా చలికాలం గొంతే అనుకున్నారు. తమ్ముడి పెళ్లి అయిపోనివ్వండి, అప్పుడు చూపించుకుంటానంది. పెళ్లిలో ఆమె నవ్వుతూ అందర్నీ పలకరిస్తుంటే, మగవాళ్లెవరో పిలుస్తున్నారనుకుని చుట్టాలు వెనక్కి తిరిగి చూశారు.

బావమరిది కప్పు ఠక్కున కింద పెట్టాడు. "బావా, నంబరు తేడా ఇది! నువ్వే కదా నిన్న చెప్పావు. నలభై ఎనిమిదికి తరిగి నలభై నాలుగుకి పేరిస్తే ఇలాగే సాగుతుంది. ఫైలు ఏముందో చూడు, చూడు ముందు."

సౌండాయన ఫైలు విప్పి చూశాడు. నలభై నాలుగు అని ఉంది.

అతని గుండె మీంచి బండ దిగినట్టయింది. "పొద్దున్న పెట్టెలో నేను నలభై ఎనిమిది పెట్టాన్రా. నా చేత్తో నొక్కాను. పచ్చదీపం కూడా వెలిగింది."

"మరింకేం! పెట్టె ఒకటి తరిగింది, కంప్యూటర్ ఇంకోటి అనుకుంది. దీన్ని నలభై ఎనిమిదిగా చదవమని చెప్పు."

చెప్పాడు. రెండు నొక్కులు, అంతే. మళ్లీ పెట్టగానే కథలమ్మ బయటికొచ్చింది. సన్నగా, చురుగ్గా, నక్క నక్కలా, కుందేలు కుందేలులా. ఈమధ్య నెమ్మదిగా చదువుతోందని అతను అనుకుంటున్నాడు గానీ, ఇలా వింటే ఎప్పటి వేగమే. బావమరిది లేచి కథలమ్మ భుజం పట్టుకుని ఊపేశాడు.

"చచ్చాను పో! ఎంత భయపెట్టావే. నీ మొగుడికి నంబర్లు రావు, వదిలెయ్. తొంభై ఆరు పెట్టమంటే వినడు."

సౌండాయన కూడా నవ్వాడు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. కథలమ్మ వాళ్లిద్దర్నీ మార్చి మార్చి చూసి, తనూ నవ్వింది. గ్లాసు అందుకుని, తల కొంచెం వంచి, ఒక గుక్క మింగింది.

"హమ్మయ్య," అంది.

ఆ తర్వాత పని జోరుగా సాగింది. సౌండాయన పెట్టె జోలికి పోలేదు. ఒకసారి తెలిసిన తప్పు, దిద్దే దారి తెలిసిన తప్పు. దాంతో గొడవ దేనికి అనుకున్నాడు. పొద్దున ఆమె చదవడం, మధ్యాహ్నం అతను ఫైళ్లన్నిటినీ నలభై ఎనిమిది అని దిద్దడం, "హు"లు ఏరడం. ఆ గడ్డిపోచలు రోజురోజుకీ చిక్కబడుతున్నాయి. అతను వాటిని పొలంలో కలుపు తీసినట్టు తీశాడు. ఒక్కొక్కటి పట్టుకుని, నొక్కి, చెత్తబుట్ట బొమ్మలోకి విసిరాడు. మిగిలిన గొంతు కడిగిన గాజులా వచ్చింది.

కంపెనీ మేడమ్ ఫోన్ చేసింది. "మీ మిసెస్ గొంతుకి వయసు రాదాండీ? మా పాప ఆ ఫైలు వింటూ నిద్రపోయింది."

"అదంతా ఆవిడ గొప్పే మేడమ్."

"మీ ఎడిటింగ్ కూడా. ఒక్క దగ్గు లేదు, ఒక్క తడబాటు లేదు."

ఫోన్ పెట్టేశాక ఆ మాట అతని చెవిలో కాసేపు నిలిచింది. మెచ్చుకోలే. అయినా చెప్పులో రాయిలా ఎక్కడో గుచ్చుకుంది. వంటింట్లో కథలమ్మ ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతోంది. గోడ అవతల నుంచి మాటలు కాదు, అడుగున ఉన్న బరువు మాత్రమే వినిపించింది. టీవీ అనుకున్నాడు. టీవీ ఆపేసి ఉంది.

మధ్యాహ్నం భోజనం అయ్యాక కుందేలు కథ దిద్దుతున్నాడు. కుందేలు గుహ ముందు నిలబడి సింహాన్ని పిలుస్తోంది. ఆ పిలుపుకీ సింహం బదులుకీ మధ్య ఖాళీలో అతను కత్తిరించడం మర్చిపోయిన ఎర్ర గుర్తు ఒకటి ఉంది. మొదటిరోజుది. దాన్ని నొక్కబోయి, చెయ్యి తగిలి, వినేశాడు.

"టింగ్."

అతను కత్తెర నొక్కలేదు.

మళ్లీ వెనక్కి తీసి విన్నాడు. ఆ గంట అతనికి తెలుసు. దాన్ని ఆపడానికి ఎన్ని మేకులు కొట్టాడు, ఎన్ని పేలికలు కుక్కాడు! పరాయి ఊళ్లో చీకట్లో విన్నా మా ఇంటి లిఫ్టే అని చెప్పగలడు. ఇది ఆ లిఫ్టు కాదు. దీని గొంతు పైకి లేచి ఉంది. పల్చగా, బొమ్మ లిఫ్టు గంటలా, ఇంకెవరి ఇంట్లోదో అన్నట్టు ఉంది.

కుర్చీ వెనక్కి తోసి, పరుపు తలుపు లాగి బయటికి వెళ్లాడు. లిఫ్టు కింద ఉంది. బొత్తాం నొక్కాడు. తాళ్లు కదిలిన చప్పుడు, ఇనుము మీద ఇనుము రాసుకున్న చప్పుడు. పైకి వచ్చి ఆగింది. "టింగ్." ఎప్పటి గంట. తలుపులు తెరుచుకున్నాయి, లోపల ఎవరూ లేరు, మూసుకున్నాయి. అతను మళ్లీ నొక్కాడు. మళ్లీ తెరుచుకుంది. "టింగ్." కింద కాపలాదారు తల పైకెత్తి, "ఎక్కుతారా దిగుతారా బాబూ? దానికీ ప్రాణం ఉంటుంది," అని అరిచాడు.

అతను పెదవులు బిగించి ఆ గంటని తలలో మోసుకుంటూ, నీళ్లు ఒలకకుండా నడిచినట్టు నడిచి, కంప్యూటర్ దగ్గరికి వచ్చాడు. దిద్దిన ఫైలుని విప్పి, మొదట ఉన్నట్టే నలభై నాలుగు చేశాడు. పెట్టాడు.

"టింగ్." ఇదీ లిఫ్టు. బయట ఉన్నదే, రవ్వంత తేడా లేదు.

అప్పుడు అతను రికార్డింగు పెట్టెవైపు చూశాడు. ఇన్నిరోజులూ ముక్కుకెదురుగానే ఉంది. నలభై నాలుగు దగ్గర పచ్చదీపం. నలభై ఎనిమిదికి మార్చి, కంప్యూటర్‌లో పాత కథల నలభై నాలుగు లెక్క ఖాళీ ఫైలు ఒకటి తెరిచాడు. ఎవరో వేలు పెట్టినట్టు దీపం దానంతటదే టిక్కుమని వెనక్కి నలభై నాలుగుకి వచ్చి కూర్చుంది. ఫైలు ఎంత అంటే పెట్టె అంత. మొదటిరోజూ ఇదే జరిగి ఉంటుంది. పెట్టెకీ కంప్యూటర్‌కీ తగువే లేదు. తరిగిన లెక్కకీ పేర్చిన లెక్కకీ తేడా లేదు. ఆ సాయంత్రం ముగ్గురూ మొదట విన్నదే నిజం. బాగుచేశానని అతను చేసిందల్లా దాన్ని లాగి పైకి కట్టడం.

అయినా అతని మనసు ఒప్పుకోలేదు. ఏదో లెక్క ఇంకా ఉండే ఉంటుందనుకున్నాడు. లిఫ్టు గంట వెనకాలే ఆమె బదులు పలికిన "టింగ్" ఇంకా వినలేదు. విన్నాడు.

గంట పైన ఉంది. గొంతు కింద ఉంది.

నలభై ఎనిమిది చేశాడు. రెండూ కలిసి లేచాయి. నలభై నాలుగు చేశాడు. రెండూ కలిసి దిగాయి. మధ్య ఎడం మాత్రం కదల్లేదు. పాత కథ ఒకటి వెతికి, ఎప్పుడో కత్తిరించి బుట్టలో పడేసిన ముక్క తీశాడు. అక్కడ గంట ఎక్కడుందో గొంతూ అక్కడే ఉంది, వెంట్రుక దూరదు. మళ్లీ కొత్తది పెట్టాడు. ఏ నంబరుకీ లొంగని ఆ సందులోంచి అతనికి చల్లగా ఏదో తగిలింది.

చెత్తబుట్ట బొమ్మ నొక్కాడు. రోజులతరబడి అతను ఏరి పారేసిన "హు"లన్నీ అందులో వరసగా ఉన్నాయి. ఒకదాని వెంట ఒకటి పెట్టాడు. మొదటివి పొడిగా, గీరినట్టు ఉన్నాయి. నిన్నటివి తడిగా ఉన్నాయి. ఇంట్లో ఒక మనిషి చాలాసేపటి నుంచి తలుపు కొడుతున్నట్టూ, తను ఆ చప్పుడు మైకులో పడకుండా జాగ్రత్తపడుతున్నట్టూ అనిపించింది.

వంటింట్లో కథలమ్మ సాయంత్రం చదవబోయే పేజీలు ముందేసుకుని, పెదవులు మాత్రం కదుపుతూ మననం చేసుకుంటోంది. అతను గుమ్మంలో నిలబడ్డాడు. ఎలా మొదలెట్టాలో తెలియక, "ఆ లిఫ్టు గంట ఉంది చూడూ..." అన్నాడు.

ఆమె తలెత్తి అతని మొహం చూసింది. పుస్తకం మూసింది.

"విన్నారా?"

 అతను కుర్చీ లాక్కున్నాడు. "నీకెప్పుడు తెలుసు?"

"నాకా?" ఆమె తలమీద వేలితో తట్టుకుంది. "మాట్లాడేది నేనండీ. మీకు వినపడేది స్పీకర్లోంచి వస్తుంది. నాకు లోపల్నుంచి వినపడుతుంది. అక్కడ మీ నలభైలూ యాభైలూ ఏం ఉండవు కదా. మొదటిరోజు గంటకి బదులు పలికాను. అందలేదు. సరిగ్గా పలికాననే అనుకున్నా, అందలేదు."

"చెప్పొద్దా?"

"చెప్దామనే కూర్చున్నా ఆ సాయంత్రం. అక్క అని కూడా అనేశాను. మీరిద్దరూ నంబరు నంబరు అని ఎగిరి గంతేశారు. తమ్ముడి మొహం చూశారా? వాడి పెళ్లి కోసమని అక్క ఆగింది కదా, ఆ పాపం వాడు ఇప్పటికీ మోస్తున్నాడు. ఆ నంబరు దొరగ్గానే చిన్నపిల్లాడిలా నన్ను పట్టుకుని ఊపేశాడు. నాకు నోరు రాలేదు. నాకూ కాసేపు నిజమేనేమో అనిపించింది లెండి. మీరు అంత బాగా చేశారు నా గొంతుని. విని విని నేనే నమ్మాలనుకున్నా."

"నేను దగ్గులు ఏరి పారేశానే," అన్నాడు అతను. 

"మీ పని అదే కదండీ."

ఆమె మళ్లీ పుస్తకం తెరిచి, గుర్తు పెట్టుకున్న చోట చెయ్యి వేసింది. "ఇంకెంతో లేదు. నక్క పెళ్లి కథా, దాని తర్వాత చిన్నవి. ఇవి అయిపోనివ్వండి. అప్పుడు..."

మాట పూర్తి కాకుండానే ఆమెకే వినిపించినట్టుంది.  అతనికీ వినిపించింది. అదే మాట, అదే గొంతు, అదే విరుపు. ఈసారి పెళ్లి నక్కది, అంతే తేడా.

అతను లేచి ఆమె చేతికింద నుంచి పుస్తకం తీసి అటకమీద పెట్టాడు. కుర్చీ వెయ్యకుండా ఆమెకి అందనంత ఎత్తు.

"చెప్పులు వేసుకో," అన్నాడు.

"ఇప్పుడా? ఈ ఎండలోనా? డాక్టరు ఉంటాడో లేదో..."

"లేకపోతే గుమ్మంలో కూర్చుందాం."

"కంపెనీ ఆవిడకి ఏం చెప్తారు?"

"గంటకీ గొంతుకీ కుదరట్లేదని చెప్తా. పద."

ఆమె ఫక్కున నవ్వబోయింది. నవ్వు మధ్యలో "హు" అడ్డం వచ్చింది. అతను ఈసారి దాన్ని పూర్తిగా విన్నాడు.

బావమరిదికి ఫోన్ చేసి ఆసుపత్రి దగ్గరికి రమ్మన్నాడు. అవతల వేళాకోళం ఏదో మొదలైంది.  వేళాకోళం దానంతటదే సన్నగిల్లి ఆగిపోయింది. "నంబరు కాదా బావా?" అన్నాడు చివరికి. "కాదురా." అవతల కుర్చీ వెనక్కి జరిపిన చప్పుడు వచ్చింది. "వస్తున్నా," అన్నాడు.

పరుపు కొట్టిన తలుపు దగ్గరికి లాగి తాళం వేసి, ఇద్దరూ లిఫ్టు ముందు నిలబడ్డారు. అతను బొత్తాం నొక్కాడు. కింద ఎక్కడో తాళ్లు కదిలాయి. ఇనుము మీద ఇనుము రాసుకుంటూ నెమ్మదిగా పైకి వస్తోంది. ఆమె గోడకి ఆనుకుని, చేతిసంచీ పట్టీని వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ నిలబడింది.

"టింగ్."

అలవాటు ఆమెని ఆగనివ్వలేదు. కళ్లు మూసుకుంది. అతను వద్దని చెయ్యెత్తేలోపే బదులు పలికింది.

గంట ఉన్న చోటికి గొంతు చేరలేదు. కిందిమెట్టు మీద ఎక్కడో ఆగి, గీరుకుని, ఆరిపోయింది. మధ్యలో మిషను లేదు, తెర లేదు, ఇటు తిప్పి అటు తిప్పడానికి ఏ నంబరూ లేదు. ఇద్దరూ పక్కపక్కనే నిలబడి విన్నారు.

లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి. ఆమె కదల్లేదు. కాసేపు ఎదురుచూసి, అవి మూసుకోబోయాయి.

అతను మధ్యలో చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఎక్కు," అన్నాడు.